తడి రేజరు

నా గదువ మీద వెంట్రుకలు మొలుస్తాయి. నూగు కాదు, మగవాళ్లకు వచ్చినట్టు నల్లగా, మొద్దుగా వస్తాయి. బిడ్డ పుట్టిన ఏడాది మొదలయ్యాయి. ఆ బిడ్డ ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇన్నేళ్లూ నేను దేవుణ్ని అడిగింది ఒక్కటే, ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వకు తండ్రీ అని.

నా పని చూస్తే ఆ భయం ఎందుకో అర్థమవుతుంది. జహీరాబాద్ బస్టాండు వెనక సందులో, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఝరాసంగం నుంచి, న్యాల్‌కల్ నుంచి షేర్ ఆటోల్లో వచ్చి బట్ట ఇచ్చిపోయే ఆడవాళ్లున్నారు. కొలత తీయాలంటే టేపు మెడ చుట్టూ వేయాలి. అప్పుడు ఆమె ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది, నెత్తి మీద ట్యూబ్‌లైటు వెలుగుతుంటుంది. అందుకే మెడ కొలత కూడా వెనక నిలబడే తీస్తాను. "గీమె కొలత జర అలగ్ తీస్తది, గని ఫిట్టింగ్ మాత్రం మంచిగుంటది" అని పేరొచ్చింది. ఏడుపులోంచి వచ్చిన పేరు అది, వాళ్లకేం తెలుసు!

బ్యూటీ పార్లర్‌కు పోవచ్చు కదా అంటారేమో. పార్లర్ నడిపే ఆమె నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. ఆమెకు చెప్పడమూ ఒకటే, బస్టాండులో మైకు పట్టుకోవడమూ ఒకటే. డాక్టరు దగ్గరికి పోవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. వెంట్రుకలకు దవాఖాన ఏమిటి అనుకున్నాను. చిమ్టాతో పీకి పీకి విసిగిపోయి, చివరికి రేజరు పట్టుకున్నాను.

మొదటిది మా ఆయన పాత రేజరు. ఆయన డీసీఎం వ్యాను నడుపుతాడు. అల్లం లోడు వేసుకొని పోతే రెండు మూడు రోజులు ఇంటికి రాడు. ఆయన లేని ఒక పొద్దున బాత్రూముకు బోల్టు పెట్టి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. పిడి తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకుంటాయి, మధ్యలో బ్లేడు పెట్టాలి. మర అరిగిపోయి ఉంది. ఎంత బిగించినా తల ఊగేది, బ్లేడు ఒకవైపు బయటికి పొడుచుకొచ్చేది. మొదటిసారి గీయగానే గదువ కింద తెగి రక్తం కారింది. కత్తెర తగిలిందని పక్కింటామెకు చెప్పాను.

"కత్తెర గదువకెట్ల తగిలిందమ్మా? బట్టను నోట్లె పెట్టుకొని కత్తిరిస్తున్నవా ఏంది?" అని ఆమె పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత వారం అంగడిలో ఒకటి కొన్నాను. దాని పళ్లు సమంగా లేవు. ఒకవైపు గీస్తే ఏమీ రాదు, రెండోవైపు తిప్పితే తోలు లేచొస్తుంది. పోనీ బ్లేడు తప్పేమో అనుకొని బ్లేడ్లు మార్చి చూశాను. మా ఇంట్లో బ్లేడ్లకు కొదవలేదు, ఎన్నున్నా అడిగేవాళ్లు లేరు. కుట్టు తప్పితే విప్పడానికి మాకు బ్లేడే పనిముట్టు కదా. ఆ సౌకర్యమే ఒకసారి కొంప ముంచింది. తొందరలో, పట్టు జాకెట్ కుట్లు విప్పిన బ్లేడునే తుడిచి రేజరులో పెట్టాను. జరీ మీద ఆడిన బ్లేడుకు పదును ఏం మిగులుతుంది? వెంట్రుకలను కోయలేదు, కుదుళ్లతో సహా పీకింది. గదువంతా ఎర్రగా పొంగితే పసుపు రాసుకొని కూర్చున్నాను. "ఏందక్కా, మళ్ల పెండ్లా?" అని కొలతకు వచ్చిన పిల్ల ఆటపట్టించింది. నవ్వు ముఖం పెట్టి, దాని వీపు వైపుకు పోయి టేపు వేశాను.

పొద్దున ఎంత కష్టపడి గీసినా సాయంత్రానికి మళ్లీ గరుకే. వేలితో తడుముకోవడం ఒక రోగమైపోయింది. మిషన్ తొక్కుతూ తడుముకుంటాను, అన్నం వారుస్తూ తడుముకుంటాను. వాకిట్లో ఎవరైనా పిలిస్తే చెయ్యి ముందు గదువకు పోయి తర్వాత గొళ్లేనికి పోతుంది. పెళ్లికి పిలిస్తే ఫొటో తీసే వాడు ఎటు నిలబడ్డాడో చూసుకొని కూర్చుంటాను. కుదురుగా కూర్చొని భోజనం చేసిన పెళ్లి ఒక్కటీ గుర్తులేదు.

ఈలోగా మా ఆయన అయ్యప్ప మాలకని పెంచిన గడ్డాన్ని మాల తీశాక కూడా ఉంచేశాడు. అది బాగా పెరిగి గుబురైన తర్వాత ఒక పొద్దున బాత్రూము గూట్లో కొత్త రేజరు కనిపించింది. స్టీలుది, బరువుగా, తళతళలాడుతూ ఉంది. హైదరాబాద్ ట్రిప్పు నుంచి తెచ్చాడు. నిండు గడ్డమున్న మనిషికి కొత్త రేజరెందుకు? ఆ ప్రశ్న నాకు వచ్చింది. వచ్చినా దాన్ని ముందుకు పోనివ్వలేదు.

దాని మీద ఎంత ఆశ పెట్టుకున్నానో! అదీ అంతే. చేతికి సబ్బు నురగ అంటితే జారిపోయేది, బరువంతా ఎముక మీద పడేది. వంపు దగ్గర ఎటు తిప్పాలో, ఎంత ఒత్తాలో తెలిసి చస్తేగా. లోపలికి తిరిగిన వెంట్రుకలు గడ్డలు కట్టి సలిపేవి. మగపిల్లలకైతే మూతి మీద నూగు రాగానే ఎవరో ఒకరు చూపిస్తారు, నాకెవరు చూపిస్తారు? నీ పాడుగాను అని దాన్నే తిట్టేదాన్ని. మళ్లీ నేనే కడిగి గూట్లో పెట్టేదాన్ని.

ఈ మధ్య బిడ్డ ఇంట్లో కూడా ముఖానికి స్కార్ఫ్ కట్టుకొని తిరగడం మొదలుపెట్టింది. అడిగితే దుమ్ము అంటుంది. "బొంబాయి రోడ్డు మన ఇంట్లకెల్లి పోతుందానే?" అని కసిరాను. ఒక ఆదివారం బాత్రూముకు బోల్టు పెట్టుకొని ఎంతకూ రాలేదు. తలుపు బాదాను. వచ్చింది. స్కార్ఫ్ అంచున ఎర్రటి మరక ఉంది.

"ఏమైందే?"

"పిన్నీసు గుచ్చింది."

"పిన్నీసు గదువకెట్ల గుచ్చుతదే?" అన్నాను. అనగానే పక్కింటామె నవ్వు గుర్తొచ్చింది.

బిడ్డ నా ముఖంలోకి సూటిగా చూసింది. "మరి నీకెట్ల గుచ్చుతది మమ్మీ? డాడీకి నిండ గడ్డముంది. ఆ రేజర్ పొద్దుగాల్నే తడిగ ఎందుకుంటది?"

"నోర్ముయ్" అన్నాను. పోయి మిషన్ ముందు కూర్చుని ఒక జాకెట్‌కు కుడి చెయ్యి ఎడమవైపు కుట్టాను. విప్పి మళ్లీ అట్లాగే కుట్టాను. నాకు సిగ్గు కన్నా భయం ఎక్కువైంది. నా పీడ దానికీ పట్టుకుంది. నాలాగే అదీ ఒక్కతే బోల్టు పెట్టుకొని కోసుకుంటోంది.

సాయంత్రం మా ఆయన బండి పెట్టి వచ్చీ రాగానే పట్టుకున్నాను. "నీకు ఎరుకేనా?"

ఏది అని కూడా అడగలేదు ఆయన. "రేజర్ తడిగుంటది. నాకు కండ్లు లేవా?"

"మరి ఒక్కనాడన్న అడగకపోతివి!"

"లోపల బోల్టు పెట్టుకుంటివి. బోల్టు పెట్టుకున్నోళ్లను ఏమడుగుత? అందుకే మంచిది తెచ్చి పెట్టిన."

ఒళ్లు మండిపోయింది. "తెచ్చి పెట్టినోనివి ఎట్ల పట్టుకోవాల్నో చెప్పొద్దా? ఇన్నేండ్ల సంది కోసుకుంటనే ఉన్న!"

"నాకొస్తే చెప్పనా? నాకే వస్తే గీ గడ్డమెందుకు పెంచుత?" అని గడ్డం పక్కకు తోసి, దవడ కింద తన పాత గాట్లు చూపించాడు. అంత బండిని తిప్పే మనిషి అరచేతిలో పట్టే రేజరుకు ఓడిపోయి గడ్డం పెంచాడట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బిడ్డ గాటు సంగతి చెప్పాను. ఆయన మెల్లగా అన్నాడు, "రేపు పిల్లను దవాఖానకు తీస్కపో. దానికి గీ తిప్పలు వద్దు."

మర్నాడు లేడీ డాక్టరు దగ్గరికి పోయాం. బయట బెంచీ మీద నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆమె ఒకరు కూర్చొని ఉంది. పిల్లకు ఏమైందని ఆరా తీస్తే జ్వరమని చెప్పాను. డాక్టరు గదికి తెర మాత్రమే అడ్డం. లోపల దగ్గినా బయటికి వినిపిస్తుంది.

డాక్టరమ్మ బిడ్డ స్కార్ఫ్ తీయించి చూసింది. నెల నెలా సరిగ్గా వస్తుందా అని అడిగింది. తర్వాత, "ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా? అమ్మకు?" అంది.

నా చెయ్యి గదువకు పోయింది. పొద్దున్నే గీసుకొని వచ్చాను.

"లేదు మేడం," అంది బిడ్డ, తల ఎత్తకుండా. "మా మమ్మీకి లేదు."

నేను చెప్పమనలేదు. అదే నాకోసం అబద్ధమాడింది, తన గదువ మీద తెగిన గాటు ఇంకా పచ్చిగా ఉండగానే. తెర అవతల మాటలు ఆగిపోయాయి. వింటే విననీ అనుకున్నాను.

"ఉంది మేడం," అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. "దీన్ని కన్నప్పటి సంది ఉంది. రోజు రేజర్‌తోని గీసుకుంట."

డాక్టరమ్మ నన్ను వెలుతురులోకి జరగమని, నా గదువ పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇద్దరికీ పరీక్షలు రాసిచ్చింది. బయట బెంచీ మీది ఆమె నా ముఖం వైపే చూస్తుంటే నేనూ ఆమెను చూసుకుంటూనే నడిచాను.

మెట్ల దగ్గర బిడ్డ ఆగింది. స్కార్ఫ్ ఇంకా చేతిలోనే ఉంది.

"నాకొక్కదానికే గిట్లయింది అనుకున్న మమ్మీ," అంది. "రోజు పొద్దుగాల పోయి ఆ రేజర్‌ను ముట్టుకొని చూస్తుంటి. తడిగుంటే జర మనసు నిమ్మలమైతుండె."