రిజిస్టర్‌లో నేను లోపలే ఉన్నాను

అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు ఇంకా మొలుస్తున్న కాలమది. ఒక మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల ఉండొచ్చని అప్పట్లో నమ్మేవాణ్ణి. రోజూ సాయంత్రం అక్కడ ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులోని మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో, కిటికీ పక్కన కూర్చుని, పంజాగుట్టలోని ఒక మందుల పంపిణీ కంపెనీ డేటాబేస్‌ను సవరిస్తుండేవాణ్ణి. (ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు కాబట్టి, రెండు చోట్లా ఉన్నట్టే, లేనట్టే.)

ఆ కంపెనీ పెద్దసారు రిటైరైన ప్రభుత్వ అధికారి. బయటి కంప్యూటరేదీ తన నెట్‌వర్క్‌లోకి రాకూడదని ఆయన నియమం. మా మేనేజరు నెల రోజులు బతిమాలితే ఒక షరతు మీద ఒప్పుకున్నారు. నడిచి వచ్చినా, తీగలోంచి వచ్చినా, మనిషన్నవాడు గేటు దగ్గర విజిటర్ల రిజిస్టర్‌లో ఎక్కాల్సిందే. నేను ఫోన్ చేస్తే వాచ్‌మన్ నా పేరు, వచ్చిన సమయం రాసి, 'ఎవరిని కలవాలి' అన్న గడిలో 'కంప్యూటర్' అని నింపి, మేకుకు వేలాడే నీలం నెట్‌వర్క్ వైరు తెచ్చి కంప్యూటర్‌కు గుచ్చేవాడు. పని ముగిశాక మళ్లీ ఫోన్ చేస్తే, వెళ్లిన సమయం రాసి వైరు పీకేవాడు. ఒక్క గడి ఖాళీగా కనిపించినా ఈ ఏర్పాటు రద్దు, దాంతోపాటు నా ఉద్యోగమూ. ఆ వాచ్‌మన్‌కు నేను పెట్టుకున్న పేరు రిజిస్టరన్న. అప్పటికి ముఖం మాత్రం చూడలేదు.

ఒక వాన సాయంత్రం పాత రికార్డులు తొలగించే పని తనంతట తాను నడుస్తోంది. తెర మీద అంకెలు మెల్లగా జారుతున్నాయి, కిటికీ అద్దం మీద చినుకులూ అలాగే జారుతున్నాయి. ఏది ఏదో తెలియని మైకంలో పని పూర్తయింది. నేను ఫోన్ చేయడం మరిచి హాస్టల్‌కు నడిచిపోయాను. ఏడింటికి ఫోన్ మోగింది.

"తమ్మీ, ఇంక లోపల్నే ఉన్నవా?"

"లేదన్నా, ఎప్పుడో వచ్చేశాను. వైరు తీసేయండి."

"వైరుదేముంది, తీసిన. రిజిస్టర్ల నువ్వు లోపలున్నవ్ గద. మనిషి లోపలుంటే తాళమెట్ల ఏస్త?"

"రోజూలాగే మీరే రాసేయండి."

"ఆరు దాటినంక పోయేటోళ్లు సొంతంగ దస్కత్ చెయ్యాలె. పొద్దుగాల సారు ఫస్టు చూసేది గదే. జర రా, నాకు సుత ఇంటికి పోవాలె."

ఆటోలు కదలడం లేదు. లేని చోటినుంచి బయటికి రావడానికి వానలో తడుస్తూ పంజాగుట్ట దాకా నడిచాను. గేటు దగ్గర, దారంతో కట్టిన కళ్లద్దాల మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎటు పోతున్నవ్?"

"సంతకం పెట్టడానికన్నా. నేనే."

"లోపలున్నోనివి మళ్ల లోపలికెట్ల వస్తవ్? రెండుసార్లు ఎక్కుతది. గీడనే చెయ్."

గేటు బయటే, రిజిస్టర్ తడవకుండా కప్పిన ప్లాస్టిక్ కవరు కింద చెయ్యి దూర్చి సంతకం పెట్టాను. ఆయన లోపలికి వెళ్లి, సాసరు మూతపెట్టిన చాయ్ తెచ్చిచ్చాడు. చల్లారిపోయింది.

"కంప్యూటర్ కాడ పెట్టిన. లోపలున్న మనిషికి చాయ్ పొయ్యకుంటె బాగుండది."

"రోజూ పెడతారా? మరి ఎవరు తాగేవారు?"

"నువ్వు రాకపోతివి. నేనే తాగుతుంటి."

మర్నాడు పెద్దసారు ఆ పేజీ చూసి టిక్కు పెట్టారట. ఆ నెలే నా ఉద్యోగం ఖాయమైంది. ఆ భవనం ఇప్పుడు చీరల దుకాణం. అందులోకి నేను ఎన్నోసార్లు వెళ్లినట్టు ఏదో రిజిస్టర్‌లో రాసి ఉంటుంది, ఒక్కసారీ కాలు పెట్టలేదు. ఇవాళ ఇంట్లోంచే ఏ ఊరి కంప్యూటర్‌లోకైనా వెళ్లొస్తాను, ఎవరూ రాసుకోరు. అలవాటు పోక, ల్యాప్‌టాప్ మూసేటప్పుడు వెళ్లిన సమయం మనసులో నేనే రాసుకుంటాను. వాన పడే సాయంత్రాల్లో మాత్రం, ఇంకా లోపలే ఉన్నట్టు, ఆ గడి ఖాళీగా వదిలేస్తాను.