మూడు ఎడమకు, ఒకటి కుడికి

కంపాంబది పాము పగ అని ఊళ్లో వెనకాల అనుకునేవారు. పాముకేం తెలుసు పగ సంగతి? నాలుగు రోజులు బుస కొట్టి పుట్టలో పడుకుంటుంది. కంపాంబ ఇరవై రెండేళ్లు పడుకోలేదు.

ముచింగా కొండల కింద, లుసివా వాగు పక్కన, అప్పట్లో అడవిదున్నలు మందలు మందలుగా తిరిగేవి. కంపాంబ మొగుడు కటోంగో అడవి కాపలాదారు. ఒక ఎండాకాలం పొద్దున, కుంటుతున్న దున్న ఒకటి చేలల్లోకి వస్తోందంటే చూడడానికి వెళ్లాడు. దాని వెనక కాలికి ఉచ్చు తీగ బిగిసి ఎముకదాకా కోసుకుపోయి ఉంది. ఆ నొప్పికి పిచ్చెక్కిన జంతువు ఎదురుపడిన మొదటి మనిషిని పొడిచి చంపింది. ఆ మనిషి కటోంగో.

ఊరివాళ్లు దున్నను కాల్చారు, మాంసం పంచుకున్నారు. కంపాంబ వాటా ఆకులో పెట్టి ఇంటికి తెచ్చారు. ఆమె ఆకును పక్కకు తోసి, ఆ వెనక కాలు తెచ్చివ్వమంది. తెచ్చారు. మాంసంలో కూరుకుపోయిన తీగను కోసి తీసి, వాగులో కడిగి, మెలిక మీద బొటనవేలు పెట్టి చూసింది. మూడు చుట్లు ఎడమకు, ఒకటి కుడికి.

ఉచ్చులు పన్నేవాళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇంక చెప్పక్కర్లేదు. ఎవరి మెలిక వాళ్లదే. తండ్రి నేర్పినా సరే, చేతికి అలవాటు పడ్డాక అది చేవ్రాలులాగే, మారదు. మూడు ఎడమకు, ఒకటి కుడికి వేసేవాడు ఆ వాగు పొడవునా ఒక్కడే. కపాసా.

అందరికీ తెలుసు. ఒక్కరూ అతని పేరెత్తలేదు. "తీగ ఎవరిదైతేనేంలే, పొడిచింది దున్న కదా" అన్నారు పెద్దలు, పళ్లలో ఇరుక్కున్న మాంసం పీచులు తీసుకుంటూ. కపాసా చావింటికి వచ్చి అందరికంటే పెద్దగా ఏడ్చాడు. వాటా కూడా అందరికంటే పెద్దదే పట్టుకెళ్లాడు. అది తలుచుకుంటే నాకే ఇప్పటికీ కడుపు మండుతుంది, కట్టుకున్న దానికి మండదా?

తీగను పాత గుడ్డలో చుట్టి చూరులో దోపింది కంపాంబ.

ఆ తర్వాత అడవి ఖాళీ అయిపోయింది. దున్నలు పోయాయి, చారల గుర్రాలు పోయాయి, చివరికి ఉచ్చుల్లో ఊరి కుక్కలు పడేవి. అప్పుడు అడవి శాఖవాళ్లు ఉచ్చు తీగలు ఏరడానికి ఆడవాళ్లు కావాలన్నారు. మొదట పేరిచ్చింది కంపాంబే. చేతికర్రతో గడ్డి తట్టుకుంటూ, వరసగా నడుస్తూ, ఉచ్చులు పీకి తెచ్చే పని. ఆమె ఏళ్లకు ఏళ్లు చేసింది. పీకిన ప్రతి తీగనూ బొటనవేలితో తడిమి చూసేది.

ఇరవై రెండో ఏట, ఎక్కడి నుంచో లారీల్లో ముప్పై అయిదు అడవిదున్నలను తెచ్చారు. ఊరంతా పండగ. దున్నలను వదిలే ముందు పూర్వీకులకు పిండి చల్లి, రాగి కల్లు పోసే మర్యాద ఎవరికిచ్చారో తెలుసా? చిరుత వంశంలో పెద్దవాడని, కపాసాకు.

"ఈ దున్నల్ని తాతల నాటి నుంచి కంటికి రెప్పలా కాపాడింది మా వంశమే" అని మొదలుపెట్టాడు కపాసా, కల్లు కుండ ముందు కూర్చుని.

కంపాంబ లేచింది. ఆమెది మేక వంశం. మేకలకూ చిరుతలకూ బావామరదళ్ల వరస. ఒకరినొకరు ఎంత మాటైనా అనొచ్చు, చావింట్లో కూడా. అనిపించుకున్నవాడు నవ్వాలే తప్ప కోప్పడకూడదు. కోప్పడితే తప్పు వాడిదే. ఒకరు చస్తే గొయ్యి తవ్వి సాగనంపేది రెండోవాళ్లే.

"బావా, కాపాడావో కరకరా నమిలావో నాకెందుకుగానీ, నీ చేతులిప్పుడు కల్లు పీల్చే రెల్లు గొట్టం పట్టుకోడానికే పనికొస్తాయంటగా? చిరుతకి గోళ్లు ఊడిపోయాయని మా మేకలన్నీ చెప్పుకుంటున్నాయి" అంది.

జనం గొల్లుమన్నారు. కపాసా కూడా నవ్వాడు. "మేకపిల్లా, ఈ చేతులు పన్నిన ఉచ్చు మీ తాత కూడా విప్పలేకపోయాడే."

"అబ్బో! మాటలకేం, కోటలు దాటతాయి. ఇదిగో తీగ. కట్టి చూపించు, నిజమంటాను. ఒణుకుతున్నాయా ఏంటి?"

కొత్త తీగ ముక్క ఒకటి అతని ఒళ్లో పడేసింది. వేటగాడి పౌరుషం ముందు తెలివి ఏపాటి? నలుగురిలో చేతకానివాడివంటే ఎలా ఊరుకుంటాడు! కళ్లు మూసుకుని మరీ కట్టాడు. మూడు ఎడమకు, ఒకటి కుడికి. కట్టి, పైకెత్తి అందరికీ చూపించాడు.

కంపాంబ నడుముకు దోపుకొచ్చిన పాత గుడ్డ మూట విప్పి, ఇన్నేళ్లూ చూరులో దాచిన తీగ తీసింది. రెండు మెలికలనూ పక్కపక్కన పెట్టి, మొదటి వరసలో కూర్చున్న వాళ్లందరి ముందుకూ ఒక్కొక్కరిగా తీసుకెళ్లి చూపించింది.

"ఇది నా మొగుణ్ణి చంపిన దున్న కాలిది" అంది.

నవ్వు ఆగిపోయింది. కపాసా ముఖం బూడిద రంగు అయింది. "పాత సంగతులు ఇప్పుడెందుకు, మరదలా..."

"పాతదేంటి బావా, నాకు ఇవాళ పొద్దున్నే జరిగింది. విను. నువ్వు చస్తే గొయ్యి తవ్వేది మేమే కదా? నేను బతికే ఉంటాను, బతకడానికి ఇంకో పనేం లేదు నాకు. ఈ తీగ నీ కాలికి బిగించి పూడుస్తాను. అక్కడ మీ తాతల దగ్గరికి కుంటుకుంటూ వెళ్తావు. ఒక్కటే దారి చెప్తున్నా. నువ్వు చచ్చేలోగా ఈ కొత్త మందలో ఒక్కదానికి కూడా నీ తీగ తగలకపోతే, దీన్ని వాగులో పారేస్తా. తగిలిందా, నీ కాలికే."

బావామరదళ్ల వరసలో అన్న మాట. కోప్పడే హక్కు అతనికి లేదు, కాదనే హక్కు ఊరికి లేదు. కాలికి ఉచ్చుతో వచ్చినవాణ్ణి పూర్వీకులు తమలో కలుపుకోరని మాత్రం ప్రతి మనిషికీ తెలుసు. కుండ ముందు నుంచి కపాసా లేచి వెళ్లిపోయాడు. పిండి వేరేవాళ్లు చల్లారు.

మర్నాడు తెల్లవారేసరికి తీగలేరే ఆడవాళ్ల వరసకు ముందు, కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు కపాసా.

నాలుగేళ్లు నడిచాడు. అత్తిచెట్టు కింద రెండు, ఉప్పునేల దగ్గర నాలుగు, రాళ్ల మిట్ట మీద ఒకటి, ఇలా ఒక్కొక్క చోటూ గుర్తు తెచ్చుకుని తన పాత తీగలు పీకి తెచ్చి కంపాంబ గుమ్మం ముందు పెట్టేవాడు. అవి పాత టెలిఫోను తీగలు, మనుషులకంటే గట్టివి. ఎవడైనా కుర్రాడు కొత్తగా ఉచ్చు పన్నబోతే మొదట పట్టుకుని తన్నేది కూడా కపాసాయే. చట్టాలూ తుపాకులూ చేయలేని పని ఒక విధవ నోటి మాట చేసింది. మంద అరవై దాటింది.

"పాపం, నీడలా అయిపోయాడు. వదిలెయ్యొచ్చు కదక్కా" అనేది ఆమెతో పాటు తీగలేరే చిలేషే.

"కటోంగోని వదిలాడా?" అనేది కంపాంబ.

చలికాలంలో కపాసా జ్వరం పడ్డాడు, లేవలేదు. కబురు పెడితే కంపాంబ వెళ్లి గుమ్మంలో నిలబడింది.

"అన్నీ తీసేశాను మరదలా. ఇంక లేవు" అన్నాడు.

"చూద్దాం" అంది.

తెల్లారి పోయాడు. అతను పోయాడన్న మాట విన్నాక కంపాంబ తీగ పట్టుకుని వాగు ఒడ్డుకు వెళ్లింది. మాటంటే మాటే. నాలుగేళ్లలో ఒక్క దున్నకీ అతని తీగ తగల్లేదు. పారేయాలని చెయ్యి ఎత్తింది కూడా. అది పోతే చెయ్యి మరీ తేలికైపోతుందేమోనని భయపడి ఆగింది, అదీ నిజం.

అప్పుడే కాపలాదారు ముంబా అవతలి ఒడ్డు నుంచి నీళ్లలో దిగి వచ్చాడు. "అత్తా, నిన్నే వెతుక్కుంటూ వస్తున్నా. రెల్లు పొదల్లో దూడ చచ్చి పడుంది. ఈ ఏడు మందలో పుట్టిన మొట్టమొదటి దూడ. నిన్న సాయంత్రం పడినట్టుంది." తీగ ఆమె చేతిలో పెట్టాడు. తుప్పు పట్టి ఉంది. ఒక కొసకు చెట్టు బెరడు కరుచుకుని ఉంది, ఎన్నో ఏళ్లుగా ఆ చెట్టు దాని చుట్టూ పెరిగినట్టు.

కంపాంబ బొటనవేలితో తడిమింది. రెండోసారి తడమాల్సిన అవసరం లేకపోయింది.

చేసుకున్నవాడికి చేసుకున్నంత. మర్చిపోయిన ఉచ్చు కూడా ఉచ్చే.

గోతి దగ్గర మేక వంశం వాళ్లు చాపలో చుట్టిన శవాన్ని దింపారు. కంపాంబ లోపలికి దిగింది. కపాసా కొడుకు ముందుకొచ్చాడు. "అత్తా, దణ్ణం పెడతా. నాలుగేళ్లు నీ వెనక కుక్కలా తిరిగాడు మా నాన్న."

"వెనక కాదయ్యా, ముందు. తీగలన్నీ తీశాననుకుని పోయాడు. దూడనడుగు" అంది.

వాళ్లు కోప్పడకూడదు. కోప్పడలేదు. ఆమె చాప కొస తప్పించి, పాత తీగ ఒక కాలికి, ఇవాళ్టి తీగ ఇంకో కాలికి బిగించింది. మెలిక మాత్రం అతనిదే వేసింది. వేళ్లకు బాగానే వచ్చు, ఇరవై ఆరేళ్లుగా తడుముతున్నదేగా.

పైకి వచ్చి చేతుల మట్టి దులుపుకుని గోతిలోకి వంగి చూసింది.

"లేచి నడువు బావా, చూద్దాం" అంది.