ఏకాదశి నాడు తప్పిన భాగహారం

లెక్కల అయ్యవారు ముకుందం రిటైరయ్యేనాటికి తిరుపతిలో ఆయన బెత్తం రుచి చూడని వీధి లేదు. రిటైరయ్యాక బెత్తం వదిలి వేదాంతం పట్టాడు. ఎదుటివాడి నోరు మూయించడానికి రెండూ పనికొస్తాయి.

1979లో వాళ్ల భజన సమాజం గోవింద నామాలు కోటి రాసింది. చదివింపుల్లో వంద మీద రూపాయి పెట్టే అలవాటుకొద్దీ ఇంకొకటి కలిపింది. కోటీ ఒకటి! ముకుందానికి ఒళ్లు పులకరించింది. ఒకటీ, అదీ తప్ప మరే సంఖ్యా దీన్ని నిశ్శేషంగా భాగించలేదనీ, భగవంతుడిలా అఖండమనీ ప్రకటించాడు. సమాజం పొంగిపోయి, శాలువా కప్పి ‘గణిత వేదాంతి’ బిరుదు ఇస్తామంది. ఉద్యోగమంతా పిల్లల చేత ‘సున్నాల అయ్యవారు’ అనిపించుకున్నవాడు ఆ శాలువా మీద ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు.

నిరూపణా? అదీ చేశాడు. విదియ నాడు రెండుతో, తదియ నాడు మూడుతో, తలస్నానం చేసి మరీ భాగించాడు. పున్నమి దాటి, అమావాస్యకు ముప్పై దాకా వచ్చి చాలన్నాడు. వర్గమూలం దాకా, అంటే మూడువేలు దాటేదాకా చూడాలని బోర్డు మీద సుద్దముక్కలు అరగదీసి చెప్పినవాడే! భక్తి వచ్చి కూర్చున్నాక వర్గమూలానికి చోటెక్కడిది?

సన్మాన సభలో శాలువా మడత విప్పుతుండగా, ఆయనతో పనిచేసిన సైన్సు అయ్యవారు ధనంజయ లేచాడు.

“ముకుందం, పదకొండుతో సూసినావా అప్పా?”

“పదకొండో తిథి ఏకాదశి గదప్పా! ఉపవాసం నాడు లెక్కలు యాడ చేసేది?”

“నువ్వు పస్తుంటే పదకొండు గూడా పస్తుంటాదా?”

సభ గొల్లుమంది. ముకుందానికి తాను నేర్పిన కిటుకే తలలో మెదిలింది. అంకెల్ని ఒకటి విడిచి ఒకటి కూడితే వచ్చే రెండు మొత్తాలూ సమానమైతే పదకొండు భాగిస్తుంది. ఇక్కడ ఇటొక ఒకటి, అటొక ఒకటి, మధ్యలో అన్నీ సున్నాలే. శాలువా చేతికందేంత దూరంలో ఉంది.

“ఏకాదశి స్వామివారి తిథి,” అన్నాడు కళ్లు మూసుకుని. “దీన్ని భాగించే అధికారం ఆ తిథికొక్కదానికే ఉండాది. ఆ మర్మం మీ నోట రావాలనే ఆగినాను.”

“గోవిందా!” అని హాలు మార్మోగింది. శాలువా భుజాల మీద పడింది.

“పదకొండు పెట్టి భాగిస్తే తొమ్మిది లక్షల తొమ్మిదివేల తొంభై ఒకటి వస్తాదప్పా. ద్వాదశి పారణకు అది తిను,” అంటూ ధనంజయ చెప్పులేసుకున్నాడు.

ముకుందం దాన్నీ వదల్లేదు. మళ్లీ విదియ నాడు మొదలుపెట్టి, మళ్లీ ఏకాదశికి పస్తుండి, ఈ కొత్త సంఖ్యే అసలైన అఖండమని కరపత్రం వేయించి అలిపిరిలో పంచాడు. ఈసారి అది నిజమే. మూడంకెల సంఖ్యల దాకా వెళ్లి చూసినా దాన్ని ఏదీ భాగించదు. ఆ ఘనత సంఖ్యది. ఆయన వెళ్లింది ముప్పై దాకానే.