సాబు తుమ్మలు

లింగస్వామి మొకమే సుక్కమ్మకు గిట్టదు. కట్టుకున్న మొగడే, అయినా గిట్టదు. ఎవలన్న పెద్దమనిషి ఎదురుపడితే చాలు, వంగి దండాలు పెట్టుడే, ఆయనకు నడుము నిలువదు.

మర్రిగూడ దిక్కున నైజాం సర్కారోళ్లు తుమ్మచెట్ల పరీక్ష పెట్టిన్రు. జొన్నచేన్ల తుమ్మలుంటే పంట పెరుగుతదా, తగ్గుతదా చూడాలె. హైద్రాబాదు నుంచి వచ్చిన సాబు భూమిని మడులు చేసి, ఏ మడిల చెట్లు పెట్టాలె, ఏది ఉత్తగ ఉంచాలె అని చీటీలేసి తీసిండు. మంచి మన్నంత ఒక్క దిక్కుకే పోవద్దని గట్ల చేసిండు. తుమ్మలు నాటాల్సిన మడిమడికి గుర్తుగ కట్టె గూటం పాతించి, లింగస్వామిని కావలి పెట్టి పోయిండు.

ఇగ మన మహానుభావుడు ఊకుంటడా? చీటీల లెక్కన సగం తుమ్మలు గరుసు నేలకు వచ్చినయి. "సాబు చెట్లు రాళ్లల్ల ఎండితే సాబు ఇజ్జత్ ఏం గావాలె?" అని గూటాలు పీకి, తుమ్మలన్నీ రేగడి మడులల్లనే నాటిండు. ఇంటికొచ్చి మీసం దువ్వుకుంట చెప్పిండు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది," అన్నది సుక్కమ్మ.

సాబు మాత్రం తక్కువ తిన్నడా! ఏడాదికోపారి వచ్చి, గుర్రం దిగకుంటనే చూసి పోయేటోడు. కొన్నేండ్లకు రేగడి బలానికి తుమ్మల కింద జొన్న ఏపుగ లేచింది, చెట్లు లేని గరుసుల మోకాలెత్తు దాటలేదు. అంత తుమ్మల మహిమే అనుకొని సాబు మురిసి ముక్కలైండు. రైతుల చెలకలల్ల తుమ్మలు నాటాలె, నాటినంక కొట్టొద్దని హుకుం తెచ్చిండు. ఇనామంటూ మొదటి బండెడు మొక్కలు లింగస్వామికే ఇచ్చిండు.

ఆయనకేడిది చెలక? సుక్కమ్మకు నాయిన ఇచ్చిన ముక్క ఒక్కటే ఉన్నది. అంత గరుసే. అందుల జొన్న పొట్టిదే అయినా పాలు పోసుకుంటాంది. ఏడాదంత ఇంట్ల తినే గటక గా గింజలతోనే. తుమ్మ ఏర్లు దిగితే ఇగ అందుల ఏం పండదు.

మొక్కలు నాటించనీకి సాబు వచ్చి చేను ఒడ్డు మీద నిలబడంగనే సుక్కమ్మ ఎదురుపోయింది.

"సాబ్, ఈయన గూటాలు మార్చిండు. తుమ్మలన్నీ మంచి మన్నుల పెట్టిండు. అడుగుండ్రి."

సాబు లింగస్వామి దిక్కు చూసిండు. అవునంటే చేను దక్కుతది. ఒక్క మాట.

లింగస్వామి చేతులు కట్టుకొని ఇకిలించిండు. "పిచ్చిది సాబ్. మీరు చెప్పినట్టే నాటిన."

సాబు పానం కుదుటపడ్డది. లింగస్వామి గడ్డపార ఎత్తుకొని జొన్నల నడుమకు దిగిండు.

"థూ! ఎంత లోతు తవ్వినా నీకు సిగ్గు దొరకదురా," అన్నది సుక్కమ్మ.

ఆయన తవ్వుడు ఆపలేదు. సాబు చూస్తుండె.