బాపు కుట్టిన నోట్‌బుక్

నిన్న హన్మకొండలో ఒక షాపులో సుతిలి తాడుతో కుట్టిన నోట్‌బుక్ కనిపిస్తే, చేతిలోకి తీసుకుని ముందు వాసన చూశాను. షాపతను వింతగా చూశాడు.

మీకూ గుర్తుందా? పరీక్షలు కాగానే పాత నోట్సుల్లో మిగిలిన తెల్లకాగితాలన్నీ చించి, వచ్చే ఏడాదికి ఒక పుస్తకంగా కుట్టేవాళ్లు. మా ఇంట్లో ఆ పని నాన్నది, మేం బాపు అనేవాళ్లం. మిర్చి మార్కెట్‌లో తను బస్తాలు కుట్టే దబ్బనంతోనే, ఆ బస్తాల మీదే కూర్చుని కుట్టి తెచ్చేవాడు.

ఆరో తరగతిలో నేను కొత్త నోట్‌బుక్ కావాలని మొండికేశాను.

"కాయితాలు తెల్లగనే ఉన్నయి గదనే, ఇంకోటి దేనికి?" అంది అమ్మ.

బడిలో మా బెంచీ కవిత ఊరుకుంటుందా? "మీ బాపు బుక్కు కుట్టిండా, బస్తా కుట్టిండా?" అని అందరికీ వినబడేలా అడిగింది. ఇక లెక్కల టీచర్ కూడా చూస్తే పరువు పోతుందని, హోంవర్క్ దిద్దించుకునే వరుసలో చిట్టచివర నిలబడ్డాను.

టీచర్ రెండు పేజీలు తిప్పారో లేదో, ఒకటే తుమ్ములు.

"ఏందే ఇది, పుస్తకమా, కారం పొట్లమా? నేను ముట్ట. నువ్వే చదివి వినిపియ్యి!"

ఆ ఏడాదంతా నా హోంవర్క్ నేనే చదివాను. తప్పులుంటే టీచర్‌కు తెలియకుండా చదువుతూనే సరిచేసుకునేదాన్ని. కొత్త పుస్తకం ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆ తుమ్ముల రోజు నుంచి వారం తిరక్కుండానే కవిత పాత నోట్సులు సంచిలో వేసుకుని మా ఇంటికొచ్చింది.

"కాకా, నాగ్గూడ ఒకటి కుట్టియ్యవా? జర ఘాటుగ ఉండాలె."