యోనా తాత చేప పొలుసు

యోనా తాత ముందు 'ఎనామిల్' అన్న మాట ఎత్తినవాడు ఆ పూట వేళకు ఇల్లు చేరేవాడు కాదు. "ఏ ఎనామిల్?" అని తాత అడ్డం పడేవాడు. జవాబు చెప్పేదాకా వదలడు. చెబితే అసలే వదలడు.

కాటేదాన్‌లోని ఎనామిల్ గిన్నెల కంపెనీలో ఇరవై రెండేళ్ళు భట్టీ దగ్గర పనిచేశాడాయన. ఊరంతా స్టీలు సామాన్ల మీద పడేసరికి కంపెనీ మూతపడింది. భట్టీ చల్లారింది గానీ తాత చల్లారలేదు.

తొంభై నాలుగులో శంషాబాద్ చర్చి తలుపులకు ఎనామిల్ వేయిద్దామని పాస్టరు ఆరాధన మధ్యలో ప్రకటించాడు. ముందు వరసలోంచి తాత లేచాడు.

"ఏ ఎనామిల్ అయ్యగారూ?"

"పెయింటే తాతా."

"అది నూనె, జిగురు, ఇంత రంగు. మెరుస్తదని ఎనామిల్ అని పేరు పెట్టుకున్నరు. అసలు ఎనామిల్ అంటే గాజు! ఇసుక, బోరాక్స్ కరగబెట్టి, నీళ్ళల్ల పోసి, పొడి కొట్టి, ఇనుముకు పూసి, ఎనిమిది వందల డిగ్రీల మీద కాల్చాలె."

"మనవి చెక్క తలుపులు తాతా..."

ఆ ఆదివారం ప్రసంగానికి టైం మిగల్లేదు. కొందరు తాతకు వందనాలు చెప్పి మరీ ఇంటికి వెళ్ళారు.

ఇంట్లో ఈ బాధంతా మనవరాలు షెకీనాది. గోళ్ళ రంగు వేసుకుంటే, "దూదిని యాసిడ్ల నానబెట్టి చేసిన జిగురు అది, ఎనామిల్ గాదు" అనేవాడు. పదో తరగతి సైన్సు పరీక్షలో పంటి ఎనామిల్ దేనితో తయారవుతుందని అడిగారు. షెకీనా తడుముకోకుండా 'ఇసుక, బోరాక్స్. ఎనిమిది వందల డిగ్రీలు' అని రాసి వచ్చింది. ఆ ఒక్క మార్కుతో పరీక్ష తప్పింది; చదువు అక్కడితో సరి. ఇంటిల్లిపాదీ తలపట్టుకుంటే తాతకు వేరే దిగులు. "పంటిది సున్నం, భాస్వరమే! దానికి భట్టీ ఎందుకే? నోరు కాలదా?"

అలాంటి తాత దగ్గరికి ఒకరోజు పక్కింటి రెబెక్కా ఏడుస్తూ వచ్చింది. ఆమె మైలార్‌దేవ్‌పల్లిలో లలితకుమారి అనే ఆవిడ ఇంట్లో పనిచేస్తుంది. లలితకుమారి పుట్టింటివారు నలభై ఏళ్ళ కింద కొన్న ఎనామిల్ పళ్ళెం ఒకటి ఆ ఇంటి అద్దాల బీరువాలో ఉండేది. అందులో ఎవరూ తినరు. రోజూ తుడవాలి, అంతే. దానికిప్పుడు అంచున పెచ్చు ఊడింది.

"తుడుస్తుంటే దానంతటదే ఊడిందని చెప్పిన బాపూ. ఎనామిల్ పని తెలిసినోళ్ళతోని ఆ మాట చెప్పియ్యమంటుంది. లేకుంటే రేపటిసంది రావొద్దంట. నా ఇద్దరు పిల్లలను ఏం బెట్టి సాకాలె?"

షెకీనా తాత వైపు చూసింది. పాస్టరునే వదలని మనిషి పళ్ళేన్ని వదులుతాడా?

ముగ్గురూ వెళ్ళారు. లలితకుమారి పళ్ళెం తెచ్చి తాత చేతిలో పెట్టింది. "చూడండి. మీరు నిజమే చెప్పాలండీ. దానంతటదే ఊడిందా, పడేసిందా?"

తాత కళ్ళజోడు సర్దుకున్నాడు. పెచ్చు చుట్టూ సాలెగూడులా సన్నటి బీటలు. ఇంట్లో ఎనామిల్ పళ్ళేలు పడేసి ఎరిగినవాళ్ళకు, అవి కింద పడ్డ బీటలని చదవడానికి చదువక్కర్లేదు. షెకీనా చదివేసింది. రెబెక్కా కొంగు నోట్లో కుక్కుకుంది. తాత పళ్ళేన్ని తిప్పి, మళ్ళీ తిప్పి, ఎనామిల్ మీద ఒక్క ముక్క మాట్లాడకుండా ఉండిపోయాడు. అది ఆయన జీవితంలో మొదటిసారి.

చివరికి పళ్ళేన్ని లలితకుమారి చేతికిచ్చాడు.

"అమ్మా, దీన్ని చేప పొలుసు అంటరు. భట్టీలో కాల్చేటప్పుడు ఇనుము లోపల గాలి చిక్కుతది. పైన గాజు మూసుకుంటది. లోపటి గాలి ఊపిరాడక తన్నుతది. ఒకరోజు టప్పుమని పొలుసంత పెచ్చు లేస్తది. ఎవ్వరి చెయ్యి తగలనక్కర లేదు."

"నలభై ఏళ్ళ తర్వాతా?"

"మంచి ఇనుమమ్మా. ఓపిక పట్టింది."

లలితకుమారి పళ్ళేన్ని జాలిగా చూసింది. రెబెక్కాను కాఫీ పెట్టమంది.

తిరుగు ప్రయాణంలో ఆరాంఘర్ దగ్గర బస్సు కోసం నిలబడ్డారు. తాత ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. కడుపులో మాట ఆగడం లేదు.

"షెకీనా, నువ్వు తప్పు నేర్చుకోవద్దని చెప్తున్న. చేప పొలుసు భట్టీ దిగిన నెల రోజులల్లనే వస్తది. నలభై ఏండ్లకు రాదు. అది కింద పడ్డ దెబ్బనే."

"బైబిల్ల యోనాను చేప మింగింది. నువ్వు లలితమ్మతోని చేపను మింగిచ్చినవ్ గదా తాతా! మరి గట్లెందుకు చెప్పినవ్?"

"బస్సొచ్చింది, ఎక్కు."

బస్సు రాలేదు.

లలితకుమారి ఈ వింత రోగం సంగతి కాలనీ అంతా చాటింది. మరుసటి ఆదివారానికే అదే వీధిలో పనిచేసే భారతమ్మ, సొట్టపడ్డ చెంబొకటి చెంగులో దాచుకుని తాత గుమ్మం ముందు నిలబడింది.

"మా మేడంకు గూడ జర వచ్చి చేప పొలుసని చెప్పు తాతా."

"ఇది స్టీలు!" తాత కేక వీధి చివరిదాకా వినిపించింది. "స్టీలుకు ఏ ఎనామిల్? సొట్టకు పొలుసేంది?"

"అయితే నా పని పోయినట్టేనా?"

తాత చెంబు తీసుకున్నాడు. సొట్టలో బొటనవేలు పెట్టి చూశాడు. షెకీనా వైపు మాత్రం చూడలేదు.

"కొన్ని ఇనుములు ఊపిరి విడుస్తయి," అన్నాడు చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "కొన్ని లోపటికి పీల్చుకుంటయి. పద, చెప్తా."