జానమ్మ కనికరం

మిర్యాలగూడలో జానమ్మ కడిగిన బోటికి వంక పెట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఇరవై ఏళ్లుగా మటన్ దుకాణం పక్కన రోడ్డు మీదే కూర్చుని, మేక పేగులు తిరగేసి, సున్నం రాసి, వేణ్ణీళ్లతో కడుగుతోంది. ఆమె నోటికి మాత్రం అందరూ జడుస్తారు. ఆ నోటితోనే ఒక్కగానొక్క బిడ్డ కృపను దూరం చేసుకుంది.

కృప తల్లికి చెప్పకుండా, ఆటో నడిపే లచ్చిరాంను రిజిస్టర్ పెళ్లి చేసుకుని కోదాడలో కాపురం పెట్టింది. "నాకు బిడ్డే లేదు పో" అనేసింది జానమ్మ. ఏడాదికి ఆడపిల్ల పుట్టిందని తెలిసింది. మనవరాలిని చూడాలని ప్రాణం కొట్టుకుంది. వెళ్లొచ్చు కదా? వెళ్లలేదు, మొండిది! సన్నబియ్యం మూటకట్టి, "కనికరించి పంపుతున్నదని చెప్పు" అంటూ తెలిసినావిడ చేత పంపింది. మూట విప్పకుండానే తిరిగొచ్చింది. "నీ కనికరం నాకక్కర్లేదు" అన్న కబురు కూడా వచ్చింది.

తను అన్నదాంట్లో తప్పేముందో ఆమెకు రెండేళ్లు అర్థం కాలేదు. పాపం, ఆమె ఎరిగిన కనికరం అదే మరి. దొర అరుగు మీద నిలబడి కిందివాళ్లకు పడేసేది.

మొన్న ఆదివారం చర్చిలో పాస్టర్ ఉపేందర్ తప్పిపోయిన కొడుకు కథ చెప్పాడు. "తిరిగొస్తున్న కొడుకును సూసి తండ్రి కనికరపడ్డడు అని సదువుతం గదా! గ్రీకు భాషల ఆ మాట స్ప్లాంక్నా నుంచి వచ్చింది. స్ప్లాంక్నా అంటే కడుపుల పేగులు."

"బోటా అయ్యగారూ?" అని గట్టిగా అడిగేసింది జానమ్మ. చర్చంతా గొల్లున నవ్వింది.

పాస్టరూ నవ్వాడు. "బోటేనమ్మా. మీదికెల్లి కిందోళ్లకు చేసే దయ కాదది. మనిషిని సూడంగనే లోపల పేగు గుంజుతది సూడు, గది. జనాన్ని సూసి యేసయ్య కనికరపడ్డడు అన్నకాడ గూడ గదే మాట."

జానమ్మ నవ్వలేదు. అయ్యో, రెండేళ్లుగా తనను నిద్రపోనివ్వనిది అదే కదా! మనవరాలి ముఖం ఎట్లా ఉంటుందో తెలియక, బస్టాండులో కనబడ్డ ప్రతి చంటిదాన్నీ ఆగి చూస్తోంది కదా!

సోమవారం పనికి పోలేదు. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే బస్సెక్కింది. ఆటో స్టాండులో లచ్చిరాం ఇల్లెక్కడని అడిగి పోయి, తలుపు తట్టింది. చంకలో పిల్లతో కృప తలుపు తీసింది.

"ఎందుకొచ్చినవ్? మల్ల కనికరించనీకా?"

"కాదు బిడ్డా. పేగు గుంజితే వచ్చిన. ఇగ ఉండలేకపోయిన."

కృప పిల్లను ఆమె చేతుల్లో పెట్టింది.

"మొన్న క్రిస్మస్‌కు ముందు నేను మిర్యాలగూడ వచ్చిన అమ్మా," అంది. "దుకాణానికి ఎదురుంగ, రోడ్డు అవతల, దీన్నెత్తుకొని శానాసేపు నిలవడ్డ. నువ్వు తలెత్తుతవేమో, సూస్తవేమో అని."

జానమ్మ పిల్లను పొదువుకుని గడప మీదే కూలబడింది.

"ఒక్కసారి పిలువకపోతివి బిడ్డా!"

"పిలిచిన. నోరు దాటి రాలే."